నల్లకోటు మూడో ఏడు: కోర్టులోనే ఉండాలా, ఉద్యోగంలో చేరాలా?

మూడో ఏడు జూనియర్ (నరసరావుపేట)

అందరికీ నమస్కారం. లాయరుగా ఎన్‌రోల్ అయి రెండేళ్ల నాలుగు నెలలైంది. ఇక్కడి ట్రయల్ కోర్టుల్లో ఒక సీనియర్ గారి దగ్గర పనిచేస్తున్నాను. ఆయన మంచివారే, కసురుకోరు, అడిగితే చెప్తారు. మొదటి ఏడాది పెట్రోలు ఖర్చు ఇచ్చారు, ఇప్పుడు నెలకు నాలుగు వేలు ఇస్తున్నారు. నా హాస్టల్‌కే ఐదున్నర వేలు కావాలి. నాన్న మిర్చి రైతు. కిందటి పంటకు ధర లేదు, అయినా నెలనెలా అమ్మ ఫోన్‌పే చేస్తూనే ఉంది. ఇరవై ఏడేళ్లొచ్చి ఇంకా ఇంటి డబ్బు తింటున్నానని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కాంట్రాక్టులు చూసే ఉద్యోగం వచ్చింది. నెలకు 38 వేలు. పది రోజుల్లో ఏదో ఒకటి చెప్పమన్నారు.

రోజూ నేను చేసే పని ఇది: పొద్దున కాల్ వర్క్‌లో (కేసులు వరసగా పిలిచేటప్పుడు) నిలబడటం, సీనియర్ వేరే కోర్టులో ఉంటే పాస్ ఓవర్ (కేసు కాసేపాగి పిలవమని) అడగటం, వాయిదాలు డైరీలో రాసుకోవటం, ఆఫీసు రిటర్న్ చేసిన పిటిషన్లు సరిచేయటం, సర్టిఫైడ్ కాపీల కోసం తిరగటం. రెండేళ్లలో సొంతంగా చేసిన క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) ఒక్కటే. చెక్ బౌన్స్ కేసు, మనది ముద్దాయి పక్షం. ఆరు లక్షలు అప్పిచ్చానన్న ఫిర్యాదిదారుని ‘ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు, బ్యాంకులో తీశారా, ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో చూపించారా’ అని వరసగా అడిగాను. రెండో ప్రశ్నకు ఆయన జడ్జి గారి వైపు చూశారు, మూడో ప్రశ్నకు ‘చూపించలేదు’ అన్నారు. కోర్టు హాల్ బయటికొచ్చాక కాళ్లు వణికాయి. అంత సంతోషం జీవితంలో ఎప్పుడూ పడలేదు.

ఆ ఒక్క రోజు కోసం మిగతా రోజులన్నీ భరించాలా? పెద్దవాళ్లు చెప్పండి.

పాత ప్లీడర్ (తెనాలి)

అమ్మా, ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ వృత్తిలో ఉన్నవాడిని. మొదటి ఐదేళ్లు ఎవరికైనా ఇంతే. మా సీనియర్ గారు నాకు జీతం ఇవ్వలేదు, కానీ ప్లెయింటు (దావా పత్రం) ఎలా రాయాలో, రాశాక ఏ మాట కొట్టేయాలో నేర్పారు. ఆదివారాలు వాళ్లింట్లోనే భోజనం. నాలుగో ఏట ఒక పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావా నా పేరు మీద వచ్చింది. ఆ కక్షిదారు మనవడు ఇప్పటికీ నా దగ్గరికే వస్తాడు.

నీ క్రాస్ గురించి చదివాను. అది అందరికీ రాదు. సాక్షి ఎప్పుడు జడ్జి వైపు చూశాడో గమనించావంటే నీకు ఈ పని పట్టుబడుతోంది. ఇంకో రెండేళ్లు ఓపిక పట్టు.

మొదటి తరం (ఒంగోలు)

సర్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ ఐదేళ్లు మీరు ఎక్కడ ఉన్నారు? సొంత ఇంట్లోనా, అద్దె గదిలోనా?

మాది ఎస్సీ కాలనీ. మా ఇంట్లోనే కాదు, మా వీధిలోనే మొదటి లాయర్ని నేను. 2018లో ఎన్‌రోల్‌మెంట్ ఫీజు కట్టడానికి అమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది, చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీల దగ్గర 125కు మించి తీసుకోకూడదని. చాలా మంచి తీర్పు. కానీ ముందుకే వర్తిస్తుంది, అప్పటిదాకా కట్టించుకున్నది తిరిగి ఇవ్వక్కర్లేదు. కమ్మలు విడిపించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

లా నేస్తం పథకం 2019 డిసెంబర్‌లో మొదలై నెలకు ఐదు వేలు వచ్చేసరికి ప్రాణం లేచొచ్చింది. ప్రభుత్వం ఇచ్చిన ఆ ఐదు వేలే నన్ను కోర్టులో నిలబెట్టాయి. సీనియర్ ఇచ్చింది బస్సు ఛార్జీలకు చాలేది కాదు. 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని సర్క్యులర్ పంపింది. అది సలహా మాత్రమే, ఇవ్వని వాళ్లను అడిగేవాడు లేడు. మా బార్ అసోసియేషన్‌లో దాని గురించి ఒక్క మీటింగ్ కూడా పెట్టలేదు.

ఓపిక పట్టమని చెప్పడం తేలిక. ఇంట్లో తిండికి లోటు లేనివాడు ఓపిక పడతాడు, లేనివాడు మూడో ఏట వెళ్లిపోతాడు. ఆ వెళ్లిపోయినవాడికి తెలివి తక్కువని అనుకుంటారు. నాతో చేరిన ఏడుగురిలో ముగ్గురం మిగిలాం. వెళ్లిన నలుగురిలో ఒకడు నాకంటే చాలా బాగా వాదించేవాడు. ఇప్పుడు చిట్‌ఫండ్ కంపెనీలో వసూళ్లు చూస్తున్నాడు.

చెల్లెమ్మా, నిన్ను ఉండమనీ అనను, వెళ్లమనీ అనను. కానీ నాలుగు వేలు చాలడం లేదని బాధపడటం నీ తప్పు కాదు. అది మాత్రం మనసులోంచి తీసెయ్.

కాంట్రాక్టు డెస్క్ (గచ్చిబౌలి)

నువ్వు చేరబోయేలాంటి ఉద్యోగంలో ఆరేళ్ల నుంచి ఉన్నాను. అంతకుముందు మూడేళ్లు సిటీ సివిల్ కోర్టు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

జీతం ఒకటో తారీఖు పడుతుంది. ఆ నిశ్చింత ఎలా ఉంటుందో పడేదాకా తెలియదు. చెల్లి ఫీజులు కట్టాను, నాన్నకు కంటి ఆపరేషన్ చేయించాను. కోర్టులో ఉండి ఉంటే ఈ రెండూ నావల్ల అయ్యేవి కావు. కాబట్టి ఉద్యోగాన్ని చిన్నచూపు చూసేవాళ్ల మాట పట్టించుకోకు.

ఇక రెండో వైపు. ఫుల్‌టైమ్ జీతం తీసుకుంటూ ప్రాక్టీస్ చేయకూడదు, బార్ కౌన్సిల్ రూల్ 49. ఉద్యోగంలో చేరాక రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు చెప్పి సనదు (ప్రాక్టీస్ లైసెన్సు) సస్పెండ్ చేయించుకోవాలి. చాలామంది చెప్పకుండా ఊరుకుంటారు, తర్వాత ఏ ప్రభుత్వ పోస్టుకో అప్లై చేసినప్పుడు ఇబ్బంది పడతారు.

పని విషయం. నేను చేరినప్పుడు రోజుకు నాలుగైదు అగ్రిమెంట్లు లైన్ లైన్ చదివి, ఏ క్లాజు మనకు నష్టమో రాసేవాళ్లం. ఇప్పుడు మొదటి చదువు ఏఐ టూల్ చదివేస్తుంది, మేం దాని మీద చూస్తాం. ఒకప్పుడు కొత్తవాళ్లకు ఇచ్చిన పని ఆ మొదటి చదువే. మా టీమ్‌లో కిందటేడు ఇద్దరు మానేస్తే ఆ రెండు సీట్లూ నింపలేదు. అన్ని చోట్లా ఇలాగే ఉందని అనను, నేను చూసింది చెప్పాను. చేరేముందు అడుగు: పని నేర్పేవాళ్లు ఎవరు, రెండేళ్ల తర్వాత ఆ సీటులో ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు, బాండ్ ఏమైనా రాయించుకుంటారా అని.

గుమస్తాని (గుంటూరు)

నేను లాయరుని కాదు. ఇరవై నాలుగేళ్లుగా గుమస్తా పని చేస్తున్నా. రాయొచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నా.

ఒకప్పుడు ఫైలింగ్ అంటే మా చేతిలో పని. కాగితం సైజు, మార్జిను, కోర్టు ఫీజు స్టాంపు, వెల్ఫేర్ స్టాంపు, వకాల్తా మీద సంతకం, అన్నీ మేమే చూసేవాళ్లం. ఈ-ఫైలింగ్ వచ్చాక స్కాన్ చేయాలి, పీడీఎఫ్ చేయాలి, ఓటీపీ కొట్టాలి. పెద్ద వయసు లాయర్లకు రాదు, మాలో సగం మందికీ రాదు. ఆ పనంతా జూనియర్ల నెత్తిన పడింది. మా ఆఫీసులో పాప రాత్రి పదకొండింటికి అప్‌లోడ్ చేస్తుంది, పొద్దున మళ్లీ కాగితాల సెట్టు కూడా పట్టుకెళ్లాలి. రెండు పనులూ ఆమెవే. జీతం మాత్రం పాత లెక్కే.

ఒక సంగతి సీనియర్లు ఒప్పుకోరు గానీ నేను చూస్తున్నా. ఇవాళ జూనియర్ ఒక్కరోజు రాకపోతే ఆఫీసు నడవదు. పదేళ్ల కిందట అలా కాదు. అమ్మా, నీ పని విలువ నీకు తెలియాలి. అడుగు.

హైకోర్టు కారిడార్ (విజయవాడ)

గుమస్తా గారు చెప్పినదానికి నా అనుభవం కలుపుతాను.

పద్నాలుగేళ్లు హైదరాబాద్ హైకోర్టులో ఉన్నాను. 2019 జనవరి 1న హైకోర్టు రెండయింది. పిల్లల స్కూలు అక్కడ, కక్షిదారులు ఇక్కడ. ఆరు నెలలు అటూ ఇటూ తిరిగి చివరికి విజయవాడలో ఇల్లు తీసుకున్నాను. నేలపాడులో కోర్టు. మొదట్లో అక్కడ టీ తాగడానికి కూడా చోటు వెతుక్కోవాల్సి వచ్చేది. నలభై ఏళ్లు దాటాక మళ్లీ జూనియర్‌లా నన్ను నేను పరిచయం చేసుకుంటూ తిరిగాను. వృత్తి మనల్ని అడిగి మారదని అప్పుడే తెలిసింది.

తర్వాత 2024 జూలై 1. ఒక్క రాత్రిలో ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్ పోయి బీఎన్ఎస్ (నేరాలు, శిక్షలు), బీఎన్ఎస్ఎస్ (కేసు నడిపే పద్ధతి), బీఎస్ఏ (సాక్ష్యం) వచ్చాయి. ఇన్నేళ్లు నోటికి వచ్చిన నంబర్లన్నీ మారాయి. హత్య 302 ఇప్పుడు 103, మోసం 420 ఇప్పుడు 318(4). అన్నిటికంటే ఇబ్బంది 482. పాత చట్టంలో 482 అంటే క్వాష్ (కేసు కొట్టేయమనే) పిటిషన్. కొత్త చట్టంలో 482 అంటే ముందస్తు బెయిల్, క్వాష్ 528కి వెళ్లింది. ఒకరోజు ఫోన్‌లో మా జూనియర్‌కి ‘482 వెయ్యమ్మా’ అన్నాను. నా ఉద్దేశం క్వాష్. ఆ అమ్మాయి ముందస్తు బెయిల్ తయారుచేసింది. తప్పు నాదే, ఆమె కొత్త చట్టం చదువుకుంది, నేను పాత అలవాటులో మాట్లాడాను. అప్పటికే విచారణలో ఉన్న కేసులు పాత పద్ధతిలోనే నడుస్తాయి కాబట్టి ఇంకా చాలా ఏళ్లు రెండూ తెలిసి ఉండాలి.

నేను చెప్పదలచింది ఏమిటంటే, ఈ రోజు సీనియర్‌కీ జూనియర్‌కీ ఈ చట్టాల్లో అనుభవం ఒకేలా మొదలైంది. ముఖ్యంగా ఎలక్ట్రానిక్ సాక్ష్యం. పాత 65బీ స్థానంలో బీఎస్ఏ 63 వచ్చింది. సర్టిఫికెట్ రెండు భాగాలు. ‘ఎ’ భాగం సాక్ష్యం తెచ్చినవాళ్లు నింపాలి, ‘బి’ భాగం నిపుణుడు నింపాలి, హాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) రాయాలి. వాట్సాప్ చాట్ లేని కుటుంబ కేసు, సీసీటీవీ లేని దొంగతనం కేసు ఇప్పుడు తక్కువ. మా వయసు వాళ్లలో చాలామందికి హాష్ అంటే ఏమిటో తెలియదు. నరసరావుపేట మేడమ్, మీరు ఇది గట్టిగా పట్టుకుంటే మీ సీనియరే మిమ్మల్ని అడిగి తెలుసుకునే రోజు దగ్గర్లోనే ఉంది.

కోర్టు హాల్ అక్క (కరీంనగర్)

అందరూ డబ్బు గురించి, సెక్షన్ల గురించి రాశారు. అమ్మాయికి ఇంకో రెండు విషయాలు ఎవరో ఒకరు చెప్పాలి.

ఒకటి, ఆడ లాయర్ అనగానే ఎఫ్‌సీఓపీ (ఫ్యామిలీ కోర్టు పిటిషన్లు), మెయింటెనెన్స్ (భరణం), డీవీసీ (గృహహింస కేసులు) ఫైళ్లు ఇస్తారు. అవి చిన్న కేసులని కాదు, కానీ మూడేళ్లు అవే చేస్తే సెషన్స్ కేసులో నిలబడే ధైర్యం రాదు. నేను అడిగి అడిగి ఒక హత్యాయత్నం కేసులో డాక్టర్‌ని క్రాస్ చేశాను. గాయం కొలతల గురించి పుస్తకం రెండు రాత్రులు చదివాను. ఆ తర్వాతే మా కోర్టులో నన్ను మనిషిగా లెక్కేశారు. నీకు వచ్చిన చెక్ కేసు లాంటివి ఇంకా అడుగు.

రెండు, బిడ్డ పుట్టాక నేను పదకొండు నెలలు రాలేదు. వచ్చేసరికి నా కేసుల్లో సగం చేతులు మారాయి. ప్రసూతి సెలవు అనేది మనకు లేదు, ఎందుకంటే మనకు యజమాని లేడు. ఒక స్నేహితురాలితో ముందే మాట్లాడుకుని ఫైళ్లు ఒకరివి ఒకరు చూసుకునే ఏర్పాటు ఉంటే ఆ నష్టం సగం తగ్గేది. పెళ్లి సంగతి తేలేలోపే అలాంటి తోడు ఒకరిని చూసుకో.

భయం గురించి కూడా. 2021 ఫిబ్రవరి 17న మా పక్క పెద్దపల్లి జిల్లాలో న్యాయవాద దంపతులను పట్టపగలు రోడ్డు మీద కారు ఆపి నరికి చంపారు. ఆ వారం మా ఆయన కోర్టుకు వెళ్లొద్దన్నాడు. వెళ్లాను. న్యాయవాదుల రక్షణ చట్టం కావాలని అప్పటి నుంచి బహిష్కరణలు, ధర్నాలు చేస్తూనే ఉన్నాం. నిన్ను భయపెట్టాలని కాదు. కక్షిదారుకు సొంత నంబర్ ఇవ్వకు, ఆఫీసు నంబర్ ఇవ్వు. భూమి తగాదాల్లో స్థలం చూడ్డానికి ఒంటరిగా వెళ్లకు.

మూడో ఏడు జూనియర్ (నరసరావుపేట)

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

ఇంకొక సందేహం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలని ఉంది. ఇప్పుడు ఉద్యోగంలో చేరితే అది పోయినట్టేనా?

హైకోర్టు కారిడార్ (విజయవాడ)

2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలి. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి లెక్కిస్తారు. పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. మీకు ఇంకా ఎనిమిది నెలలు తక్కువ. సనదు సస్పెండ్ చేయించుకుంటే లెక్క అక్కడే ఆగుతుంది.

మొదటి తరం (ఒంగోలు)

చిన్న చేర్పు. జడ్జిల దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలాన్ని కూడా అదే తీర్పు లెక్కలోకి తీసుకోమంది. కంపెనీ ఉద్యోగం మాత్రం లెక్కలోకి రాదు.

ఆ తీర్పు మీద నాకు ఒక బాధ ఉంది. అనుభవం లేని జడ్జి వద్దన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ మూడేళ్లు ఎవరు పోషిస్తారు? స్టైపెండ్ తప్పనిసరి చేయకుండా ప్రాక్టీస్ తప్పనిసరి చేస్తే మా వీధి నుంచి జడ్జి రావడం ఇంకా కష్టమవుతుంది.

లీగల్ ఎయిడ్ (ఖమ్మం)

మధ్యే మార్గం ఒకటి ఉంది, ఎవరూ చెప్పలేదు. నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) 2022లో తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పథకం. జిల్లాల్లో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని పోస్టులు ఉంటాయి. అసిస్టెంట్‌గా కొత్తవాళ్లనూ తీసుకుంటారు. లాయర్‌ని పెట్టుకోలేని ముద్దాయిల క్రిమినల్ కేసులు ప్రభుత్వ ఖర్చుతో మనమే వాదిస్తాం. బయటి ప్రాక్టీస్ చేయకూడదు, కాంట్రాక్టు మీదే తీసుకుంటారు, కానీ నెలనెలా ఇంత అని తెలుస్తుంది. పైగా రోజూ కోర్టులోనే ఉంటాం.

నేను చేరిన మొదటి ఏడాదే పదకొండు కేసుల్లో క్రాస్ చేశాను. జైలుకు వెళ్లి ముద్దాయితో మాట్లాడటం అలవాటైంది. బెయిల్ వచ్చినా జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయిన ఒక కూలీని బయటికి తెచ్చినప్పుడు ఆయన భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ నోటీసు బోర్డు వారానికోసారి చూడండి మేడమ్.

పాత ప్లీడర్ (తెనాలి)

ఒంగోలు తమ్ముడు అడిగినదానికి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. సొంత ఇల్లే. మా నాన్న గారు టీచరు, నెల జీతం వచ్చేది. ఇన్నేళ్లలో ఆ తేడా గురించి నేను ఆలోచించలేదు, ఇది నిజం.

నిన్న సాయంత్రం నా జూనియర్ కుర్రాణ్ని కూర్చోబెట్టి నెలకు నీకు ఎంత ఖర్చవుతుందని అడిగాను. చెప్పడానికి సిగ్గుపడ్డాడు. పదకొండు వేలన్నాడు. నేను ఇస్తున్నది ఆరు. ఈ నెల నుంచి పన్నెండు ఇస్తానన్నాను. నా ప్రాక్టీస్ కూడా మునుపటిలా లేదు. చిన్న కేసులన్నీ లోక్ అదాలత్‌లో రాజీ అయిపోతున్నాయి, బ్యాంకు ప్యానెల్ పోయింది. అయినా పన్నెండు ఇవ్వగలను.

ఇంకొకటి. మా వాడు మొన్న ఏఐలో అడిగి ఒక ఆర్గ్యుమెంట్ నోట్ తెచ్చాడు. భాష చక్కగా ఉంది. అందులో ఒక ఏఎల్‌డీ (తీర్పుల సంపుటి) సైటేషన్ చూసి అనుమానం వచ్చి వాల్యూమ్ తీశాను. ఆ పేజీలో వేరే కేసు ఉంది. అలాంటి తీర్పే లేదు. 2023లో న్యూయార్క్‌లో ఇలాగే లేని తీర్పులు కోర్టుకిచ్చిన లాయర్లకు 5000 డాలర్ల జరిమానా పడింది. వాణ్ని తిట్టలేదు. తీర్పు కాపీ కళ్లతో చూడనిదే నోట్‌లో రాయొద్దని చెప్పాను. సుప్రీంకోర్టు తీర్పులు ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, చూడటానికి రెండు నిమిషాలు చాలు.

మూడో ఏడు జూనియర్ (నరసరావుపేట)

పది రోజుల గడువు ఈ రోజుతో అయిపోయింది. కంపెనీని ఎనిమిది నెలలు ఆగుతారా అని అడిగాను, కుదరదన్నారు. నేను రానని మెయిల్ పెట్టాను. పెట్టేటప్పుడు చేతులు చల్లబడ్డాయి.

దానికి ముందు సీనియర్ గారితో మాట్లాడాను. గుమస్తా గారూ, మీరు రాసిందే ధైర్యం ఇచ్చింది. పన్నెండు వేలు, నెలకు రెండు క్రాస్‌లు అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తొమ్మిది వేలు ఇవ్వగలనన్నారు. ఒక దొంగతనం కేసు కట్ట తీసి నా ముందు పెట్టి, ‘సోమవారం దర్యాప్తు అధికారి క్రాస్ నువ్వు చెయ్యి’ అన్నారు. నాన్నకు ఫోన్ చేశాను. ‘సరే, ఎనిమిది నెలలే కదా’ అన్నాడు. లీగల్ ఎయిడ్ నోటిఫికేషన్ వస్తే దానికీ పెడతాను.

ఇప్పుడు పని మాట. నేరం 2024 నవంబర్‌ది, కాబట్టి బీఎస్ఏ వర్తిస్తుంది. షాపు సీసీటీవీ పెన్‌డ్రైవ్ ఉంది. సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో ‘ఎ’ భాగం షాపు యజమాని నింపారు. ‘బి’ భాగం లేదు. అభ్యంతరం మార్కింగ్ (సాక్ష్యంగా నంబరు వేసి రికార్డులో పెట్టడం) అప్పుడే చెప్పాలా, ఆర్గ్యుమెంట్స్‌లో చెప్తే సరిపోతుందా?

హైకోర్టు కారిడార్ (విజయవాడ)

మార్కింగ్ అప్పుడే చెప్పండి, డిపోజిషన్‌లో (సాక్షి వాంగ్మూలంలో) రికార్డు చేయమని జడ్జి గారిని అడగండి. అప్పుడు ఊరుకుని తర్వాత లేవనెత్తితే ఎలా ఉంటుందో 65బీ విషయంలో సోనూ వర్సెస్ హరియాణా, 2017 తీర్పులో ఉంది, చదవండి. ప్రాసిక్యూషన్ తర్వాత సర్టిఫికెట్ వేస్తామని టైమ్ అడగొచ్చు, దానికి అర్జున్ పండిట్‌రావు, 2020 చూసుకోండి. రెండు తీర్పులూ ఈ-ఎస్‌సీఆర్‌లో తీసి ప్రింటు దగ్గర పెట్టుకోండి. క్రాస్‌లో మాత్రం ‘బి’ భాగం ప్రస్తావన మీరు తేవద్దు, ఆ లోటు దర్యాప్తు అధికారి తన నోటితో సర్దుకునే అవకాశం ఇచ్చినట్టవుతుంది. పెన్‌డ్రైవ్ ఎవరు కాపీ చేశారు, ఏ రోజు, ఎవరి దగ్గర ఉంచారు, సీల్ వేశారా, ఇవే అడగండి.

కోర్టు హాల్ అక్క (కరీంనగర్)

పంచనామాలో పెన్‌డ్రైవ్ కంపెనీ పేరు, కెపాసిటీ రాశారో లేదో కూడా చూసుకో. సోమవారం సాయంత్రం ఏమైందో రాయి.